పూర్వపక్షం

"నిప్పు లేనిదే పొగ రాదు" అనేది తెలుగునాట తరచు వినవచ్చే సామెత. ఒక విద్యార్థి చీటీలు పెట్టుకుని పరీక్ష రాశాడని వసతిగృహంలో ఎవరో అంటారు. చూసినవారు లేరు, పట్టుకున్నవారు లేరు. అయినా సాయంత్రానికి ఆ మాట నాలుగు గదులు తిరుగుతుంది. నిజమేనా అని ఎవరైనా సందేహిస్తే వెంటనే ఈ సామెతే సమాధానంగా వస్తుంది. అంతటితో విచారణ ముగుస్తుంది. ఆ విద్యార్థి మాత్రం ఏడాది పొడుగునా తల వంచుకుని తిరుగుతాడు.

సామెతలో దోషం లేదు. ప్రయోగించిన తీరులోనే ఉంది. పొగను చూసి నిప్పు ఉన్నదని నిర్ణయించడం భారతీయ తర్కశాస్త్రంలో అనుమానానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అనుమానమంటే ఇక్కడ సందేహం కాదు. కనిపించిన దాని ఆధారంగా కనిపించని దానిని తెలుసుకునే పద్ధతి. గౌతముని న్యాయసూత్రాలు ఇందులో ఐదు అవయవాలను చెప్పాయి. కొండమీద నిప్పు ఉన్నదనడం ప్రతిజ్ఞ. పొగ ఉండడం అందుకు హేతువు. పొగ ఉన్నచోటనెల్లా నిప్పు ఉంటుందని వంటశాలను చూపి చెప్పడం ఉదాహరణ. ఈ కొండమీద ఉన్నదీ అటువంటి పొగేనని అన్వయించడం ఉపనయం. కాబట్టి నిప్పు ఉన్నదని తేల్చడం నిగమనం. తొందరలో ఉన్నవారు సాధారణంగా దాటవేసేది నాలుగవ మెట్టును. కొండమీద కనిపిస్తున్నది నిజంగా పొగేనా? మార్గశిర మాసపు ఉదయాన మన్యపు కొండలను కమ్ముకునేది మంచు. దూరాన నిలిచినవానికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. మంచును పొగగా భ్రమించినవాని తర్కం తక్కిన మెట్లన్నింటా సక్రమంగా సాగినా ఫలితం తప్పే అవుతుంది. ఇటువంటి దానిని శాస్త్రకారులు అసిద్ధ హేతువు అన్నారు. హేతువులా కనిపించి హేతువు కానివాటన్నింటికీ వారు పెట్టిన పేరు హేత్వాభాసం. వసతిగృహంలో తిరిగిన మాట అటువంటి మంచే. నాలుగు గదులవారు చెప్పినంత మాత్రాన సాక్షులు నలుగురు కారు. ఒకే మాట నాలుగుసార్లు వినబడింది, అంతే.

నియమాన్ని తలకిందులు చేయడం మరొక పొరపాటు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది కదా అని, నిప్పు ఉన్నచోటనెల్లా పొగ ఉంటుందనకూడదు. కొలిమిలోనుండి కమ్మరి తీసిన ఎర్రని ఇనుపముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుతోపాటు తడికట్టె కూడా కావాలి. బాలుర కోసమని తర్కసంగ్రహాన్ని రచించిన తెలుగువాడు అన్నంభట్టు 17వ శతాబ్దిలో ఈ తడికట్టె ప్రసక్తి తెచ్చాడు. చదువుల విషయంలో ఇది అక్షరాలా వర్తిస్తుంది. మంచి మార్కులు వచ్చినవారందరూ కష్టపడి చదివినవారేనని ఒప్పుకున్నా, మార్కులు రానివాడు కష్టపడలేదని దానినుండి తేలదు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియెట్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు మాధ్యమంలో కూర్చున్న విద్యార్థి రాత్రింబవళ్ళు చదివి కూడా వెనుకబడవచ్చు. అతనిలో నిప్పు ఉంది. పొగ రాలేదు. ఇంట్లో పెద్దలు మాత్రం "చదవలేదు కాబట్టే రాలేదు" అని తీర్పు చెబుతారు. తర్కదోషం పుస్తకంలో చిన్న పేరాగ్రాఫే కాని, ఇంట్లో అది ఒక పిల్లవాని భోజనం మాన్పించగలదు.

నలుగురు కూర్చుని మాట్లాడుకోవడాన్ని న్యాయశాస్త్రం మూడు విధాలుగా విభజించింది. నిజం తెలుసుకోవాలనే కోరికతో ఇరుపక్షాలవారూ హేతువులను పరీక్షించుకోవడం వాదం. గెలుపే లక్ష్యంగా ఎటువంటి ఎత్తుగడకైనా సిద్ధపడడం జల్పం. తనకంటూ ఒక పక్షం పెట్టుకోకుండా ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకోవడం వితండ. నేటి వ్యవహారంలో వితండవాదమంటే మొండివాదన అనే అర్థం స్థిరపడింది. మొండివానికి కనీసం తనదైన పక్షం ఒకటి ఉంటుంది. వితండకు అదీ లేదు.

జల్పంలో వాడే ఎత్తుగడలలో ఛలం ఒకటి. ఒకడు నవకంబళం కప్పుకుని వచ్చాడని చెబితే, నవ అంటే కొత్తదనే అర్థాన్ని విడిచి, తొమ్మిది కంబళ్ళు ఎక్కడున్నాయని నిలదీయడం వాక్‌ఛలం. చేలో మంచెలు కేకలు వేస్తున్నాయంటే మంచెమీది మనుషులు పిట్టలను తోలుతున్నారని పల్లెలో పసిపిల్లవానికైనా తెలుసు. కర్రలతో కట్టిన మంచెకు నోరెక్కడిదని అడగడం ఉపచారఛలం. ఈ ఉదాహరణలు హాస్యంగా తోచవచ్చు. అయితే ఎదుటివాని మాటలో తెలిసిన అర్థాన్ని కావాలని విడిచి, తెలియనట్లు నటిస్తూ మరొక అర్థాన్ని పట్టుకోవడం ఇప్పటి సభలలోనూ తక్కువేమీ కాదు. గ్రీకు దేశంలో క్రీస్తు పూర్వం 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ కూడా ఇటువంటి 13 దోషాలను గుర్తించాడు. వాటిలో ఆరు కేవలం భాషవల్ల ఏర్పడేవే.

జల్పానికి విరుగుడుగా భారతీయ శాస్త్రగ్రంథాలు ఒక నియమాన్ని పాటించాయి. తన సిద్ధాంతాన్ని స్థాపించే ముందు గ్రంథకర్త ఎదుటివారి పక్షాన్ని, అందులోని హేతువులతో సహా, ముందుగా చెప్పాలి. దానికే పూర్వపక్షమని పేరు. ఆ పక్షానికి చెందినవాడు విని "అవును, మేము చెప్పేది ఇదే" అనేటట్లుగా చెప్పాలి. ఆ తరువాతనే ఖండనకు అధికారం.

ఈ నియమం తప్పినప్పుడు ఏమి జరుగుతుందో మహాభారతంలోని సభాపర్వం చూపుతుంది. ధర్మరాజు తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అన్న భావంతో ద్రౌపది ఒక ప్రశ్న పంపింది. తనను తాను ఓడి దాసుడైనవానికి మరొకరిని పణంగా ఒడ్డే అధికారం ఉంటుందా అనేదే దాని సారాంశం. అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న, తర్కానికి సంబంధించిన ప్రశ్న కూడా. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తీర్పు ఇవ్వలేకపోయాడు. అప్పుడు దుర్యోధనుని తమ్ములలో ఒకడైన వికర్ణుడు లేచాడు. వ్యసనంలో మునిగినవాడు చేసిన పని చెల్లదని, ద్రౌపది ఐదుగురికీ భార్య అని, ధర్మరాజు ముందే తన్ను ఓడాడని, ఆమెను ఒడ్డమని పురికొల్పినవాడు శకుని అని నాలుగు హేతువులు చెప్పాడు. కర్ణుడు లేచి మొదట అన్న మాటల సారాంశం, నీవు బాలుడవు, పెద్దలవలె మాట్లాడుతున్నావని. కర్ణుని దగ్గర హేతువు లేకపోలేదు. సర్వస్వాన్నీ ఒడ్డినప్పుడు ద్రౌపది అందులో చేరదా అని కూడా అతడు అడిగాడు. అది విచారించదగిన ప్రశ్నే. కాని అతడు దానితో ఆగలేదు. వికర్ణుని వయసును ఆక్షేపించి, ద్రౌపది శీలాన్ని దూషించి, సభను ప్రశ్ననుండి పక్కకు మళ్ళించాడు. నాలుగు హేతువులలో ఒక్కటైనా వికర్ణుని వయసుమీద ఆధారపడినది కాదు. అరవై ఏళ్ళ వృద్ధుడు చెప్పినా అవి అవే హేతువులు.

చెప్పిన మాటను వదిలి చెప్పినవానిని పట్టుకోవడమనే ఈ దోషం పదిహేడేళ్ళ వయసువారికి ప్రతిదినం అనుభవమే. "నీకేం తెలుసు", "నిన్న మొన్నటి పిల్లవాడివి" అనే మాటలతో ఎన్ని ప్రశ్నలు ఇళ్ళలోనే అణగిపోతున్నాయో లెక్క లేదు. అయితే వ్యక్తిని గూర్చి అడగడం అన్నివేళలా దోషం కాదు. న్యాయస్థానంలో సాక్షి చెప్పేది తాను చూశానని. అక్కడ అతని చూపు, అతని నిజాయితీ, వాదితో అతని సంబంధం అన్నీ అడగవలసినవే. అతని మాటకు అతడే ఆధారం కనుక. హేతువు చెప్పినవాని విషయం అటువంటిది కాదు. హేతువు అందరి ముందూ ఉంది, ఎవరైనా పరీక్షించవచ్చు.

ఆధునిక కాలంలో తెలుగువారి మధ్య చాలాకాలం తీవ్రంగా సాగిన వాదం గ్రాంథిక, వ్యావహారిక భాషలను గూర్చినది. ఇంటర్మీడియెట్ తరగతితో దానికి నేరుగా సంబంధం ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోని ఇంటర్మీడియెట్ విద్యార్థులు తెలుగు వ్యాసాలను ఏ భాషలో రాయాలన్న ప్రశ్న 1910 తరువాతి సంవత్సరాలలో పండితలోకాన్ని రెండుగా చీల్చింది. విశ్వవిద్యాలయ ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ గురజాడ అప్పారావు 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఉద్యమానికి గిడుగు వెంకట రామమూర్తి పంతులు నాయకులు. ఎదుటి పక్షాన 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని ప్రముఖులు జయంతి రామయ్య పంతులు ఉన్నారు. రామయ్య పంతులు సామాన్యులు కారు. యుద్ధమల్లుని బెజవాడ శాసనాన్ని పరిష్కరించి ప్రకటించినవారు, సూర్యరాయాంధ్ర నిఘంటు నిర్మాణానికి పూనుకున్నవారు. కనుక దీనిని తెలిసినవారికీ తెలియనివారికీ జరిగిన తగవుగా చిత్రించడం న్యాయం కాదు.

ఈ వివాదంలో మొదట కనిపించేది ఒక పేరు. వ్యావహారికాన్ని ఎదిరించినవారు దానిని తరచు గ్రామ్యం అన్నారు. గిడుగువారు కోరినది శిష్టుల వ్యవహారంలో ఉన్న భాషను, అనగా చదువుకున్నవారు పరస్పరం మాట్లాడుకునే భాషను. గ్రామ్యమన్న మాటలో మోటుతనం, అశ్లీలం అనే అర్థాలు కూడా ఇమిడి ఉన్నాయి. గ్రామ్యాన్ని పాఠశాలలో పెట్టవచ్చునా అని అడిగితే తల్లిదండ్రులు ఎవరైనా వద్దనే అంటారు. ప్రతిపక్షం చెప్పని మాటను దానికి అంటగట్టి, ఆ మాటను ఖండించి, ప్రతిపక్షాన్నే ఖండించినట్లు చూపడం ఇది. చేలోని దిష్టిబొమ్మను పడగొట్టి కాపలాదారును ఓడించానని చెప్పుకోవడం వంటిది. ఒక పేరు పెట్టడంతోనే సగం వాదన ముగిసిపోయిందంటే పేరుకు ఉన్న బలం తెలుస్తుంది.

రెండవది ప్రాచీనత. నన్నయాదులు వాడిన భాష కనుక అదే రాయదగినదన్నారు. పాతది కావడం ఒక్కటే యోగ్యతకు హేతువు కాజాలదు. గిడుగువారు ఇంతటితో ఆగక మరొక అడుగు వేశారు. శాసనాలనూ తాళపత్ర గ్రంథాలనూ తిరగవేసి, వ్యవహారరూపాలు పూర్వకాలపు రాతలలోనూ ఉన్నాయని చూపారు. ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. వ్యవహారరూపాలు పాతవని తేలినంత మాత్రాన అవి మంచివని తేలదు. అలా అంటే ప్రతిపక్షం చేసిన పొరపాటునే తామూ చేసినట్లవుతుంది. అవి రాతలో ఎన్నడూ లేవన్న మాట మాత్రం వీగిపోయింది. సాక్ష్యానికి ఉన్న బలం అంతవరకే.

మూడవది ఈ వివాదంలోకెల్లా ఆసక్తికరమైనది. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనలలోనే వ్యాకరణ దోషాలున్నాయని గిడుగువారు పుటలకొద్దీ ఎత్తిచూపారు. ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం అనే వారి గ్రంథం పేరే అందులోని వ్యంగ్యాన్ని చెబుతుంది. పైకి చూస్తే ఇది "నీవు మాత్రం తక్కువా" అని ఎదురు అడగడమే. గురివింద తన కింద నలుపెరుగదన్న సామెత వంటి వాదన ఇది. సిగరెట్ కాలుస్తున్న వైద్యుడు సిగరెట్ మానమని చెబితే, అతడు మానలేదు కనుక ఆ సలహా తప్పనడం ఇటువంటిదే, అది దోషమే. మరి గిడుగువారి వాదన కూడా అటువంటిదేనా? కాదు. అక్కడ ప్రశ్న గ్రాంథికం గొప్పదా అని కాదు, దానిని విద్యార్థులు నేర్చి తప్పు లేకుండా రాయగలరా అని. బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అర్ధశతాబ్దం పాటు దానిని నేర్చి, నేర్పిన పండితులే దాని ప్రకారం రాయలేకపోతున్నారంటే, రెండేళ్ళు చదివే ఇంటర్మీడియెట్ విద్యార్థి రాయగలడా? ఇక్కడ పండితుల తప్పులు నిందకోసం చూపినవి కావు, ప్రశ్నకు సూటిగా సంబంధించిన సాక్ష్యం. రూపం ఒకటే అయినా ఒకచోట దోషం, మరొకచోట ప్రమాణం. దోషాల పేర్లను వల్లెవేసి, వాటితో పోలిక కనబడగానే కొట్టివేసేవారికి ఈ తేడా అందదు.

గ్రాంథికవాదుల మాటలలో నిజంగా బరువైనది మరొకటి ఉంది. మాట్లాడే భాష జిల్లాకొక తీరుగా ఉంటుంది. అందులో దేనిని రాయాలి అని వారు అడిగారు. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో విశ్వవిద్యాలయాలు వ్యావహారికాన్ని అంగీకరించాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, ఉద్యమం గెలిచింది. ఆ ప్రశ్న మాత్రం మిగిలింది. శిష్టవ్యావహారికమన్న పేరుతో కోస్తా జిల్లాల చదువరుల భాషే ప్రమాణమైందని, తమ మాటలు తప్పులుగా లెక్కకు వచ్చాయని తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితలు తరువాతి కాలంలో అడిగారు. గ్రాంథికం ఓడిపోయింది కదా అని ఆ పక్షం అడిగిన ప్రశ్ననూ అటకమీద పెట్టినందువల్ల కలిగిన ఫలితమిది. ఓడిన పక్షంలోనూ జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఉండవచ్చు.

దోషాలన్నీ ఇంత లోతైనవి కావు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేత కోసమన్నట్లు, అడిగిన దానికి సంబంధం లేని హేతువు చెప్పడం వినగానే పట్టుబడుతుంది. కాకి వాలగానే తాటిపండు పడితే కాకివల్లనే పడిందనుకోవడం కాకతాళీయం. పరీక్షనాడు తొడుక్కున్న చొక్కా అదృష్టపు చొక్కా కావడం దీనివల్లనే. ముందున్న గొర్రె గోతిలో పడితే వెనుకవన్నీ పడడాన్ని శాస్త్రకారులు గడ్డరికాప్రవాహ న్యాయమన్నారు. స్నేహితులందరూ చేరారని అదే కోర్సులో చేరడం అందుకు చాలినంత ఉదాహరణ.

ఒప్పించే నేర్పు వేరు, నిరూపించే నేర్పు వేరు. ఈ తేడాను కన్యాశుల్కంలోని గిరీశం పాత్ర స్పష్టం చేస్తుంది. వెంకటేశానికి ఇంగ్లీషు వచ్చునో రాదో తెలుసుకోవాలని తల్లి కోరినప్పుడు, గురుశిష్యులిద్దరూ సంభాషణ పేరుతో సంబంధం లేని ఇంగ్లీషు ముక్కలు అప్పజెబుతారు. పెద్దలకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే వారికి పాండిత్యానికి రుజువుగా తోచింది. వినేవారి కోరికను కనిపెట్టడమే అతని నేర్పు. కొడుకు గొప్పవాడు కావాలన్న ఆశ అప్పటికే ఆ ఇంట్లో ఉంది.

ఆ ఆశమీదనే నేటి ప్రకటనలూ నడుస్తున్నాయి. ప్రవేశపరీక్షల ఫలితాలు వెలువడిన మరునాడు దినపత్రికల మొదటి పుట నిండా విద్యార్థుల ముఖాలు, వాటికింద పెద్ద అక్షరాలతో ర్యాంకులు దర్శనమిస్తాయి. దూరదర్శన్‌లో మాత్రమే కార్యక్రమాలు చూసిన తరం ఎరుగని వేగంతో అవే అంకెలు అనేక ఛానళ్ళలో గంటకు పదిసార్లు వినబడుతాయి. ఆ అంకెలు అబద్ధం కాకపోవచ్చు. ఒక సంస్థ 50 మంది ర్యాంకర్ల చిత్రాలను ప్రకటించిందనుకుంటే, అందులో చేరినవారు 500 మంది అయితే పదిమందిలో ఒకరికి ర్యాంకు వచ్చినట్లు. చేరినవారు 50,000 మంది అయితే వెయ్యిమందిలో ఒకరికి. చిత్రాలు అవే, అంకెలు అవే, ప్రకటనా అదే. మొత్తం ఎందరన్న అంకె మాత్రం అందులో ఉండదు. లేని అంకెను అడగడం కనిపించే అంకెను చదవడంకన్నా కష్టం. పైగా పదవ తరగతిలోనే అగ్రస్థానంలో నిలిచినవారిని రుసుము లేకుండా చేర్చుకున్నప్పుడు, ఆ ర్యాంకులో సంస్థ పాలు ఎంత, విద్యార్థి తెచ్చుకున్నది ఎంత అనేది ప్రకటననుబట్టి తెలియదు. అన్నంభట్టు చెప్పిన తడికట్టె ఇక్కడా ఉంది. ఈ లెక్క చూడకనే పొలం తాకట్టు పెట్టి రుసుము కట్టిన తండ్రిని మూర్ఖుడనడం తప్పు. అతనికి చూపినది పొగ మాత్రమే. ఎక్కడెక్కడ నిప్పు ఆరిపోయిందో అతనికి ఎవరూ చూపలేదు.

తర్కదోషాలను నేర్చుకుంటే మోసపోకుండా ఉండవచ్చునని పెద్దలు చెబుతారు. సగం మాత్రమే నిజం. నేర్చినవాడు మోసగించగలడు కూడా. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, ధూమపానానికి గల సంబంధాన్ని చూపుతూ రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో పరిశోధన ప్రకటించారు. అప్పుడే అమెరికాలోనూ ఇటువంటి ఫలితాలు వచ్చాయి. 1954 జనవరి 4న అమెరికాలోని పొగాకు సంస్థలు 400కు పైగా వార్తాపత్రికలలో ఒక ప్రకటన ఇచ్చాయి. సిగరెట్ హానికరం కాదని గట్టిగా చెప్పడంకన్నా, విషయం ఇంకా రుజువు కాలేదని, మరిన్ని పరిశోధనలకు తాము తోడ్పడతామని చెప్పడమే అందులోని మెలకువ. నిరూపణ పూర్తి కాలేదన్న మాటను సంబంధమే లేదన్న మాటకు బదులుగా వాడుకోవడం ఒక హేత్వాభాసం.

ఇంతకన్నా విచారకరమైనది రోనాల్డ్ ఫిషర్ ఉదంతం. ఆధునిక సంఖ్యాశాస్త్ర నిర్మాతలలో ఆయన అగ్రగణ్యుడు. రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదనేది కాకతాళీయాన్ని నివారించే నియమం. 1957 తరువాత ఫిషర్ ఈ నియమాన్నే ఎత్తుకుని, పొగ తాగాలనే కోరికకూ క్యాన్సర్‌కూ వెనుక పుట్టుకతో వచ్చే మరొక లక్షణం ఉండవచ్చునన్నాడు. ఆయన స్వయంగా పైపు తాగేవాడు, పొగాకు సంస్థలకు సలహాదారు కూడా. ఈ రెండు సంగతులూ చెప్పి ఆయనను కొట్టివేయడం సులభం. అలా చేస్తే కర్ణుడు వికర్ణునికి చేసినదే ఫిషర్‌కూ చేసినట్లవుతుంది. 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, ఆయన సహచరులు ఆ పని చేయలేదు. ఫిషర్ పక్షాన్ని యథాతథంగా తీసుకున్నారు. అటువంటి రహస్య లక్షణం ఉన్నదనే అనుకుందామన్నారు. పొగ తాగేవారిలో ఈ క్యాన్సర్ తొమ్మిది రెట్లు అధికమైతే, దానికి ఆ లక్షణమొక్కటే కారణం కావాలంటే, అది పొగ తాగేవారిలో తాగనివారికన్నా కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా కనిపించి తీరాలి. అంత బలమైన లక్షణాన్ని ఎవరూ చూపలేకపోయారు. ఎన్ని ఎక్కువ తాగితే అంత ఎక్కువ ముప్పు అని, మానినవారికి ముప్పు తగ్గుతున్నదని లెక్కలు చెబుతూనే ఉన్నాయి. 1964 జనవరి 11న అమెరికా ప్రభుత్వ సర్జన్ జనరల్ నివేదిక ధూమపానాన్ని కారణంగా నిర్ధారించింది. పొగాకు సంస్థలు దశాబ్దాలపాటు ప్రజలను మోసగించాయని 2006లో అక్కడి ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ మధ్యకాలంలో సందేహాన్ని నమ్మి సిగరెట్ మానని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

కార్న్‌ఫీల్డ్ చేసినది, పేరు ఏదైనా, పూర్వపక్షాన్ని సరిగా చెప్పడమే. కళాశాలల వక్తృత్వ పోటీలలో లోపించినది అదే. అక్కడ ఏ పక్షాన మాట్లాడాలో చీటీ తీసి నిర్ణయిస్తారు. మూడు నిమిషాల సమయం ఇస్తారు. గొంతు, హావభావం, సామెతలు, చప్పట్లు తెప్పించే ముగింపు, వీటన్నింటికీ మార్కులుంటాయి. పోటీలు వద్దనవలసిన పని లేదు; సభాకంపం పోవడానికి అవి ఉపయోగపడతాయి. అయితే ప్రతిపక్షం మాటను వక్రీకరించి నవ్వులపాలు చేసినవానికి బహుమతి వస్తుంటే, విద్యార్థి నేర్చుకుంటున్నది జల్పం. పోటీ ముగిసిన తరువాత కూడా అతడు అలాగే మాట్లాడుతాడు.

పోటీ నియమావళిలో ఒక్క మార్పు చేయడం కష్టం కాదు. మాట్లాడే ప్రతివాడూ మొదటి నిమిషం ఎదుటి పక్షం వాదనను చెప్పాలి. అది సరిగా ఉన్నదో లేదో చెప్పవలసినది న్యాయనిర్ణేత కాదు, ఎదుటి పక్షంవాడే. అతడు తల ఊపితేనే తక్కిన రెండు నిమిషాలు. అంగీకరించకపోతే మళ్ళీ చెప్పాలి. సమయం చాలదని అధ్యాపకులు అనవచ్చు, ఆ మాటలో నిజముంది. పదిమంది మాట్లాడే పోటీలో ఆరుగురే మాట్లాడవలసి రావచ్చు. ఎదుటివాడు కావాలనే తల ఊపకపోతే ఏమి చేయాలన్నది మరొక చిక్కు. అతడు రెండుసార్లకన్నా ఎక్కువ నిరాకరిస్తే, తన పక్షాన్ని తానే ఒక్క వాక్యంలో చెప్పాలన్న నిబంధన పెట్టవచ్చు. మొదట్లో సభ కొంత చప్పగా సాగుతుంది. చప్పట్లు తగ్గుతాయి. మొదటి నిమిషం ముగిసేసరికి కొందరు వక్తలు తాము సిద్ధం చేసుకుని వచ్చిన రెండు నిమిషాల ఉపన్యాసం ఎదుటివాడు చెప్పని మాటకు జవాబని గ్రహించి, కాగితం మడిచి జేబులో పెట్టుకోవలసి వస్తుంది.